ఊపిరి దారిలో రెండు డబ్బాలు

మా మేనల్లుడు మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో ఉంటాడు. కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో డిజైన్ పని. వాడి గ్యారేజీలో 2018 మోడల్ సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. నవంబరులో నేను అక్కడ ఉండగా రెండు వారాల శని, ఆదివారాలు ఖర్చుపెట్టి దానికి రెండు ఆయిల్ క్యాచ్ క్యాన్లు బిగించాడు. పక్కన స్టూలు మీద కూర్చుని టార్చి పట్టుకోవడం నా వంతు. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో ఇరవై ఏళ్లు లారీ ఇంజిన్లు విప్పి బిగించినవాణ్ణి. ఇంకొకడు పని చేస్తుంటే అంతసేపు నోరు మూసుకుని చూడటం నాకు అలవాటు లేదు. ఆ నాలుగు రోజుల్లో "అలా కాదురా" అనాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు. అందుకే ఆ పని గురించి రాస్తున్నాను.

ముందు అసలు సంగతి చెప్పాలి. పిస్టన్ రింగులు ఎంత బాగా కూర్చున్నా, మండిన గాలిని నూటికి నూరుపాళ్లు ఆపలేవు. కొంత సందు చూసుకుని కిందికి, ఆయిల్ ఉండే చాంబర్‌లోకి దిగుతుంది. పుస్తకాల్లో దీన్ని బ్లో-బై అంటారు. మా షెడ్లలో బ్యాక్ కంప్రెషన్ అంటాం. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసి పైన అరచెయ్యి ఆనిస్తే కొట్టే గాలి అదే. ఆ కొట్టుడు చూసి రింగులు పోయాయో, బోరు అరిగిందో చెప్పే మేస్త్రీలు ఉండేవాళ్లు. ఆ గాలి లోపలే ఉండిపోతే సీళ్లు తన్నుకుని ఆయిల్ బయటికి కారుతుంది. కాబట్టి దానికి బయటికి దారి కావాలి. పాత లారీలకు ఆ దారి ఒక గొట్టం, నేలకేసి వదిలేసేవాళ్లు. లారీ రాత్రంతా ఆగినచోట తెల్లారేసరికి నల్లటి మరక. అమెరికాలో కార్లకు కూడా ఒకప్పుడు ఇదే పద్ధతి. లాస్ ఏంజెలెస్‌ను కమ్మేసిన పొగలో ఈ గొట్టాల వాటా కూడా ఉందని తేలాక, 1961 మోడళ్ల నుంచి కాలిఫోర్నియాలోనూ, 1963 మోడళ్ల నుంచి దేశమంతటా ఆ గాలిని తిరిగి ఇంజిన్‌కే తాగించే ఏర్పాటు తెచ్చారు. దాన్నే పీసీవీ అంటారు.

గాలి మంచికే వెనక్కి వెళ్తుంది గాని, ఒంటరిగా వెళ్లదు. చాంబర్‌లో క్రాంకు గిరగిరా తిరుగుతూ ఆయిల్‌ను తుంపర చేస్తుంటే, ఆ తుంపరను మోసుకుని పోతుంది. వెంట ఇంకా మండని పెట్రోలు, నీటి ఆవిరి. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా ఆవిరిగా పోయినా, కొంత ఈ దారి పడుతుంది. పాతకాలపు ఇంజిన్లలో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల వెనకే చల్లేవాళ్లు కాబట్టి ఆ జిడ్డును పెట్రోలే కడిగేసేది. ఈ సుబారు ఇంజిన్‌లో, దాని పేరు ఎఫ్‌ఏ20డీఐటీ, పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే కొడుతుంది. వాల్వు వెనకభాగానికి చుక్క పెట్రోలు కూడా తగలదు. వచ్చిన జిడ్డు వచ్చినట్టు వేడికి మాడి, మొండి పెనం అడుగులా గట్టిపడుతుంది. దాన్ని తీయాలంటే మానిఫోల్డ్ విప్పి, అక్రోటు పెంకుల పొడిని గాలితో కొట్టి రాల్చాలి. ఈ ఇబ్బంది కంపెనీలకు తెలియనిది కాదు. టయోటా 2005లోనే రెండు చోట్లా పెట్రోలు చల్లే ఇంజిన్ తెచ్చింది. ఫోర్డ్ తన 3.5 లీటర్ల ఎకోబూస్ట్‌కు 2017 మోడల్లో రెండో వరస ఇంజెక్టర్లు చేర్చింది. వాడి కారులో ఆ రెండో వరస లేదు.

పైగా ఇది టర్బో. సిలిండర్‌లో ఒత్తిడి ఎక్కువ, కిందికి దిగే గాలీ ఎక్కువ. ఆయిల్ తుంపర కలిసిన గాలి త్వరగా నాక్ అవుతుంది. కంప్యూటర్ అది పసిగట్టి స్పార్క్‌ను వెనక్కి జరుపుతుంది. అలా జరిగినప్పుడు బండి లాగుడు తగ్గుతుంది. ఇంకో చిక్కు, ఇది బాక్సర్ ఇంజిన్. సుబారు 1966 నుంచీ చేస్తున్న తీరు, సిలిండర్లు నిలబడి ఉండవు, చెరోపక్కా పడుకుని ఉంటాయి. మలుపులో గట్టిగా తిప్పితే ఆయిల్ ఒక పక్క హెడ్‌లోకి వెళ్లి చేరుతుంది. చాంబర్ గాలి బయటపడే బ్రీదర్ గొట్టం ఉండేది కూడా అక్కడే.

నాకు తెలిసింది డీజిల్. డీజిల్‌లో మానిఫోల్డ్ దగ్గర పీల్పు అనేదే ఉండదు. అందుకని ఆ ఆయిల్ తుంపరను పట్టే డబ్బాలు ఈ బండికి రెండు ఎందుకో మొదట నాకు అర్థం కాలేదు. "ఒకటి చాలదట్రా?" అన్నాను.

"దీని ఊపిరి రెండు రకాలు మామయ్యా" అన్నాడు వాడు. అట్ట ముక్క మీద బొమ్మ గీశాడు. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు మానిఫోల్డ్ పీలుస్తుంది. చాంబర్ గాలి పీసీవీ వాల్వు గుండా అటు పోతుంది. దాని బదులు మంచిగాలి ఇంకో గొట్టం గుండా, ఫిల్టర్ దాటినచోటి నుంచి, హెడ్ల కవర్లలోకి దిగుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే టర్బో మానిఫోల్డ్‌ను గాలితో నింపేస్తుంది. పీల్పు పోయి ఒత్తిడి వస్తుంది. పీసీవీ వాల్వు మూసుకుంటుంది. అప్పుడు చాంబర్ గాలికి మిగిలిన దారి ఆ రెండో గొట్టమే. ఇందాక మంచిగాలి లోపలికి వచ్చిన గొట్టంలోంచే ఇప్పుడు జిడ్డుగాలి ఎదురు నడుస్తుంది, టర్బో నోటి దగ్గరికి. ఒకే గొట్టంలో రెండు దిక్కులు, కాలి ఒత్తిడిని బట్టి క్షణంలో మారిపోతూ. ఇరవై ఏళ్లు ఇంజిన్లతో ఉన్న నాకు ఇంత సొగసైన ఏర్పాటు ఇంతవరకూ ఎదురుపడలేదు. అందుకే ఒక డబ్బా పీసీవీ వాల్వుకూ మానిఫోల్డ్‌కూ నడుమ, రెండోది హెడ్ల కవర్లకూ టర్బో నోటికీ నడుమ.

డబ్బా అంటే అల్యూమినియం గొట్టం ముక్క, పైనా కిందా మూతలు, లోపల ఒక అడ్డు రేకు, స్టీలు తీగల జాలీ. గాలి లోపలికి వచ్చి వేగం తగ్గి, జాలీలో మెలికలు తిరుగుతుంది. గాలికి మలుపు తిరగడం తేలిక, తుంపరకు కాదు. బరువున్న చుక్క తిన్నగా పోయి తీగకు తగులుతుంది, చుక్కా చుక్కా కలిసి అడుగుకు జారుతుంది. గాలి పైనుంచి బయటపడుతుంది. అంతకన్నా అందులో విద్య లేదు. వాడు డబ్బాలు కొన్నాడు, నేనైనా కొంటాను. పనితనం అంతా ఆ డబ్బాను ఎక్కడ నిలబెట్టాం, గొట్టాన్ని ఏ దారిన తీసుకెళ్లాం అన్నదాంట్లోనే ఉంది.

మొదటి శనివారం వాడు ఒక్క బోల్టు కూడా బిగించలేదు. ఇంజిన్ నెత్తిన కూర్చున్న ఇంటర్‌కూలర్ తీసి పక్కన పెట్టాడు. పీసీవీ వాల్వు దాని కిందే దాగి ఉంది. తర్వాత చిటికెనవేలు మందం అల్యూమినియం తీగ చుట్ట తెచ్చి, హోస్ బదులు దాన్ని వంచుకుంటూ దారి వెతకడం మొదలుపెట్టాడు. వంచడం, తీయడం, మళ్లీ వంచడం. ఒక దారి దగ్గరగానే ఉంది గాని టర్బో వేడి పక్కనుంచి పోతోంది, వద్దన్నాడు. ఇంకోటి బాగానే ఉంది గాని మధ్యలో కాస్త పల్లం పడుతోంది. ఆ పల్లాన్ని వేలితో చూపించాడు. అరంగుళం కూడా ఉండదు. "ఇక్కడ నీళ్లు నిలుస్తాయి మామయ్యా. జనవరిలో గడ్డకడతాయి. గొట్టం మూసుకుపోతే ఊపిరాడక వెనక సీలు తన్నేస్తుంది." మిషిగన్ చలి నేను అప్పటికింకా చూడలేదు. జనవరిలో చూశాక ఆ అరంగుళం విలువ తెలిసింది. మూడో దారి ఖాయం చేశాడు. ఇంజిన్ నుంచి డబ్బా దాకా ఏకబిగిన వాలు, లేదా ఏకబిగిన ఎత్తు. మధ్యలో గుంట అన్నది లేదు. డబ్బాకు చేరకముందే గొట్టంలో చల్లారిన చుక్క ఏదైనా ఉంటే అటో ఇటో జారిపోవాల్సిందే.

డబ్బా చోటు కూడా అంత తేలికగా తేలలేదు. చల్లటి చోట పెడితే ఆవిరి బాగా చుక్కలు కడుతుంది, మరీ చల్లగా ఉంటే గడ్డకడుతుంది. రెండింటినీ ఇంజిన్ వెనక అంచు దగ్గర, ఎదురుగాలి నేరుగా తగలని చోట నిలబెట్టాడు. కూలెంట్ నీళ్లతో డబ్బాను వెచ్చబెట్టి, పట్టిన ఆయిల్‌ను తిరిగి చాంబర్‌లోకే వదిలే రకాలు కూడా ఉన్నాయి. వాడికి అది నచ్చలేదు. పెట్రోలూ నీళ్లూ కలిసిన ఆయిల్‌ను మళ్లీ బేరింగులకు తాగించడం ఎందుకన్నాడు. ఆ మాటకు నా ఓటు కూడా వేశాను.

బ్రాకెట్ చేసిన తీరు దగ్గర కాస్త ఆగాలి. డబ్బాలతో వచ్చిన బ్రాకెట్ పక్కన పడేసి, మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు తీసుకున్నాడు. ముందు సీరియల్ డబ్బా అట్టతో నమూనా. అట్టను కారులో పెట్టి, బానెట్ మూసి, తీసి, ఎక్కడ నలిగిందో చూశాడు. నలిగినచోట అర సెంటీమీటరు తగ్గించాడు. ఆ అట్టను రేకు మీద పెట్టి గీతలు గీశాడు. రేకు ఎక్కడ వంగాలో అక్కడ, ఆ గీత రెండు చివర్లా, చిన్న గుండ్రటి బెజ్జం వేశాక గాని వంచలేదు. ఎందుకో నాకు తెలుసు. వంపు మూలలో కోసు ఉంటే పగులు అక్కడే పుడుతుంది, గుండ్రం ఉంటే పగులుకు పట్టు దొరకదు. లారీ ఛాసిస్ రేకుల మీద మా మేస్త్రీ నాకు నేర్పిన పాఠం అది. మేనల్లుడికి ఎవరు నేర్పారో అడగలేదు. అంచులన్నీ ఆకురాయితో గుండ్రం చేశాడు, వేలు పెట్టి రాసి చూశాడు, తర్వాత ఎమరీ పేపరు. ఎవరికీ కనిపించని అడుగు అంచు కూడా వదల్లేదు. "ఎప్పుడో ఒకసారి ఈ అంచు మీదికి ఏదో ఒక వైరు జరుగుతుంది" అన్నాడు. బ్రాకెట్‌ను కొత్త బెజ్జాలు పొడవకుండా, అంతకుముందే బాడీకి ఉన్న రెండు బోల్టులకే పట్టించాడు. ఇంజిన్‌కు కాకుండా బాడీకి బిగించడం కూడా తెలిసిన పనే. ఇంజిన్ అదురుడంతా డబ్బా మోస్తే ఏడాదికి వెల్డింగు పగులుతుంది.

అయితే బాడీకి బిగించిన డబ్బాకూ, తన మౌంటుల మీద ఊగే ఇంజిన్‌కూ నడుమ హోస్ ఉంది. అది ఆ ఊపుకు సరిపోవాలి. కొలత తీసుకున్న తర్వాత వేలెడు పొడవు ఎక్కువ వదిలాడు. హోస్‌ను కత్తెరతో కోయలేదు. లోపల వేలు మందం కర్ర దూర్చి, కొత్త బ్లేడుతో ఒక్క చుట్టులో కోశాడు. అంచు అద్దంలా, తిన్నగా వచ్చింది. వంకరగా కోసిన హోస్ నాజిల్ మీద ఒకపక్కే ఆనుతుంది, ఎంత బిగించినా చెమరుస్తూనే ఉంటుంది. రబ్బరు కూడా ఆయిల్, పెట్రోలు తట్టుకునే నైట్రైల్ రకం. హీటర్ నీళ్లకు వాడే హోస్ బయటికి అచ్చం ఇలాగే ఉంటుంది, ధర తక్కువ, ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడిపోతుంది. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఒక షెడ్డులో తొందరపడి అదే వేశాను. నెల తిరక్కుండా హోస్ బొబ్బ ఎక్కి, ఏలూరు దాటాక నాజిల్ నుంచి ఊడింది. నడిరోడ్డు మీద డ్రైవర్ తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. సిలికాన్ గొట్టాలు రంగురంగుల్లో చూడ్డానికి బాగుంటాయి, వాటి గోడల గుండా ఆయిల్ నెమ్మదిగా చెమరుస్తుంది. ఇలాంటివాటి జోలికి వాడు పోలేదు. అంతా నల్లగా, కంపెనీ నుంచి వచ్చిన గొట్టాల్లో కలిసిపోయేలా ఉంది. బానెట్ ఎత్తి చూసినవాడికి ఏం మార్చాడో చెప్పడం కష్టం. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

రెండో ఆదివారం పీసీవీ వైపు పని. ఈ డబ్బా వాల్వుకు అవతల, మానిఫోల్డ్ వైపు ఉంది. అంటే టర్బో నింపిన ఒత్తిడి, దాదాపు ఒక బార్, వెనక్కి వచ్చి నేరుగా దాన్ని తాకుతుంది. పీల్పుకు సరిపోయే క్లిప్పు ఒత్తిడికి సరిపోవాలని లేదు. పీల్పు హోస్‌ను నాజిల్ మీదికి లాగి పట్టుకుంటుంది, ఒత్తిడి ఊడదీసి తోస్తుంది. అందుకని డబ్బాకూ మానిఫోల్డ్‌కూ నడుమ ఒక వన్-వే వాల్వు పెట్టాడు. దాని మీద బాణం గుర్తు ఉంది. ఆ గుర్తును నమ్మి బిగించలేదు. నోట్లో పెట్టుకుని ఇటు ఊదాడు, అటు ఊదాడు, నా చేతికిచ్చి నన్ను కూడా ఊదమన్నాడు. ఇద్దరికీ ఒకే జవాబు వచ్చాకే క్లిప్పు వేశాడు. క్లిప్పులు అంచులు పైకి మడిచిన రకం, రబ్బరును కోయవు. ప్రతి క్లిప్పు స్క్రూ తలను పైకి, డ్రైవర్ తిన్నగా అందే వైపుకు తిప్పి పెట్టాడు. ఇంటర్‌కూలర్ మళ్లీ ఎక్కించాక ఏ సందులోంచి చెయ్యి దూరుతుందో ముందే చూసుకుని, ఆ సందుకు ఎదురుగా.

బిగించడం అయ్యాక పరీక్ష. ఇందులో ఎక్కడ చిన్న సందు మిగిలినా కంప్యూటర్ లెక్క తప్పుతుంది. ఫిల్టర్ దాటగానే సెన్సార్ కొలిచిన గాలి ఒకటి, సిలిండర్‌కు చేరేది ఇంకొకటి అవుతుంది. ఐడిలింగ్ తడబడుతుంది. టర్బో నోరు బిరడాతో మూసి, కంప్రెసర్ నుంచి గాలి వదిలాడు, రెగ్యులేటర్ ముల్లు 2 పీఎస్‌ఐ దాటనివ్వకుండా. చాంబర్ సీళ్లు అంతకన్నా తట్టుకోవడానికి చేసినవి కావు. సబ్బునీళ్ల బ్రష్‌తో ఒక్కో జాయింటూ తడుపుతూ వచ్చాడు. టర్బో వైపు డబ్బా మూత దగ్గర ఆవగింజంత బుడగ లేచింది. నేనైతే మూత ఇంకో పావు చుట్టు బిగించి వదిలేసేవాణ్ణి. వాడు మూత విప్పి, రబ్బరు రింగు బయటికి తీసి వెలుతురుకు పట్టి చూశాడు. రింగు మీద ఒక వెంట్రుకంత మిల్లింగ్ పొట్టు అంటుకుని ఉంది. తుడిచి, వేలితో కాస్త ఆయిల్ రాసి మళ్లీ వేశాడు. బుడగ లేదు.

మన దగ్గర కూడా ఇప్పుడు నేరుగా పెట్రోలు కొట్టే టర్బో కార్లు బాగానే తిరుగుతున్నాయి. 2013లో పోలో జీటీ టీఎస్‌ఐ వచ్చింది, ఆ తర్వాత హ్యుందాయ్, కియా. క్యాచ్ క్యాన్ పెట్టించుకోవాలా అని హైదరాబాద్ కుర్రాళ్లు నన్ను అడుగుతుంటారు. గట్టిగా తోలనివాడికి, కంపెనీ లోపల పెట్టిన సెపరేటరే చాలావరకు సరిపోతుందని నా అభిప్రాయం. పెట్టించుకుంటే మాత్రం గాలిని బయటికి వదిలే రకం వద్దే వద్దు. అది చట్టానికీ, మన వెనక బండిమీద వచ్చేవాడి ముక్కుకీ కూడా ద్రోహం. వారంటీ కాగితం ముందే చదువుకోవాలి. నెలనెలా డబ్బా విప్పి ఖాళీ చేసే ఓపిక లేనివాడు ఈ పనికి పూనుకోకపోవడమే మేలు, నిండిన డబ్బా అసలు లేని డబ్బాకన్నా చెడ్డది.

జనవరి మూడో వారం. బయట మైనస్ పదిహేను డిగ్రీలు. అప్పటికి బండి దాదాపు వెయ్యి మైళ్లు తిరిగింది. "ఈసారి నువ్వు తియ్యి మామయ్యా" అని నాకు డ్రైవర్ ఇచ్చి, ఖాళీ జామ్ సీసాలు రెండు పట్టుకొచ్చాడు. టర్బో వైపు డబ్బాలో రెండు చెంచాల ఆయిల్, నల్లగా, శుభ్రంగానే ఉంది. పీసీవీ వైపుది తీస్తే అర టీ గ్లాసు వచ్చింది. పాలు ఎక్కువైన కాఫీ రంగు, పెట్రోలు వాసన. సీసా కిటికీ దగ్గర పెట్టి సాయంత్రం చూస్తే అడుగున నీళ్లు వేరుగా తేరాయి, పైన ఆయిల్, నడుమ మీగడలాంటి పొర. ఇదంతా ఆ వాల్వుల వెనక్కి చేరాల్సిన సరుకు. వాడు సీసా మూత మీద తేదీ, మైళ్లు రాసి అలమరాలో పెట్టాడు.

ఖాళీ చేసిన డబ్బాలు తిరిగి ఎక్కించేటప్పుడు గ్యారేజీ లైటు ఒకటి మినుకుమని ఆరిపోయింది. టార్చి వాడి చేతిలో ఉంది, వాడు అలమరా దగ్గర ఉన్నాడు. చలికి వేళ్లు కొయ్యబారాయి. ఇంటర్‌కూలర్ పక్క సందులోంచి చెయ్యి పోనిచ్చి, చీకట్లో తడుముకుంటూ డ్రైవర్ కొసను కిందికి దించాను. అది వెళ్లి తిన్నగా క్లిప్పు స్క్రూ గాడిలో కూర్చుంది.